ఇంజను మీద చెయ్యి

నాకు ముక్కు మీదే కోపం అని మా చుట్టాలందరూ అంటారు. ఉంటే ఉంది. నా ముక్కు, నా కోపం, మధ్యలో వాళ్లకేం నొప్పి? కానీ ఆ రోజు కన్సల్టెంటు ఆఫీసులో నేను ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తేలు కుట్టిన దొంగలా కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాను. ఎందుకు నోరు మూసుకున్నానో, మళ్లీ ఎందుకు తెరిచానో చెప్తాను వినండి.

మేమిద్దరం పాత డీజిల్ జనరేటర్లు కొని, బాగుచేసి, అమ్ముతాం. బాగుచేసేది నేను, అమ్మేది మా ఆవిడ. ఇంజను నా మాట వింటుంది, మనుషులు ఆవిడ మాట వింటారు. మా ఆవిడ నాకు మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ "బావా" అంటుంది, పెళ్లయ్యాకా అదే పిలుపు.

పోయినేడు ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు మా షెడ్డుకు వచ్చి, "కొనుక్కోం, అద్దెకివ్వండి. చెడితే బాగుచేసేది మీరే, ఆగకుండా చూసే పూచీ కూడా మీదే" అన్నారు. మా ఆవిడ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. అది చూసి ఇంకో రెండు ఆసుపత్రులు వచ్చాయి. ఒకరోజు గాలివానకు మూడు చోట్లా ఒకేసారి కరెంటు పోయింది. రెండు చోట్ల మా యంత్రాలు మొరాయించాయి. పరిగెత్తడానికి ఉన్నది నేనొక్కణ్ణి. ఒక చోట డాక్టరు సెల్‌ఫోను వెలుగులో కుట్లు వేశాడట. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు, మా ఒప్పందాలు మాత్రం మూడూ పోయాయి.

మా ఆవిడ కొన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున్న, నేను ఇంజను కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే, పక్కన గొంతుక్కూర్చుని అంది.

"మన ఒప్పందాలు పోయింది పని రాక కాదు బావా, వ్యాపారం నడపడం రాక. బయటి దేశాల్లో యంత్రాలు అద్దెకిచ్చే కంపెనీలు ఊళ్లకు ఊళ్లనే నడిపిస్తున్నాయి. వాళ్లు మనుషుల్ని ఎలా పెట్టుకుంటారో, ఏ యంత్రం ఎప్పుడు ఆగుతుందో ముందే ఎలా పసిగడతారో దగ్గరుండి చూడాలి. నాలుగు నెలలు ఒక్క కంపెనీలో కూర్చోనిస్తే చాలు, మిగతాది నేను అల్లుకుపోతాను."

ఆవిడ అన్నదంటే అయిందన్నమాటే. షెడ్డులో డీజిల్ వాసన మధ్య, గ్రైండరు మోత మధ్య చదివి పరీక్ష రాసింది. విదేశంలో రెండు బిజినెస్ స్కూళ్లు రమ్మన్నాయి.

ఒకటి పెద్ద నగరంలో, ఏడాది చదువు. అద్దాల మేడ. చివరి నాలుగు నెలలూ మేమే ఒక కంపెనీలో కూర్చోబెట్టి పని నేర్పిస్తాం అని దాని పుస్తకంలో రంగురంగుల అక్షరాలతో రాసి ఉంది. రెండోది ఎక్కడో కొండల మధ్య చిన్న ఊళ్లో, రెండేళ్ల చదువు. ఇటుక గోడల పాత కట్టడం. కంపెనీ సంగతి అడిగితే "వెతుక్కోవడం మేం నేర్పిస్తాం, వెతుక్కోవాల్సింది మీరే" అని ముక్తసరిగా జవాబిచ్చారు. దీనికి ఒప్పుకుంటే అది పోతుంది, అది పట్టుకుంటే ఇది పోతుంది. వెళ్లడమనేది ఒక్కసారే. మళ్లీ మళ్లీ షెడ్డు వదిలి వెళ్లే వీలు మాకు లేదు, నేర్చుకోకుండా తిరిగొస్తే ఆవిడ కల అంతటితో సరి.

నేను కూడా వెంట వెళ్దామంటే షెడ్డు ఎవరు చూస్తారు? షెడ్డు మూసేస్తే ఆవిడ నేర్చుకొచ్చి నడిపేదేమిటి, నా మొహమా? కాబట్టి ఆవిడ వెళ్లాలి, నేను ఉండాలి. ఏడాదంటే పళ్లబిగువున ఉంటాను. రెండేళ్లు అనే మాటే నాకు మింగుడుపడేది కాదు. పైకి మాత్రం "నీ ఇష్టం, నీ చదువు" అనేవాణ్ణి. 

ఇక్కడ మా వృత్తిలో ఒక పద్ధతి చెప్పాలి. పాత ఇంజను కొనడానికి వెళ్తే, అమ్మేవాడికి దణ్ణం పెట్టక ముందే ఇంజను మీద చెయ్యి పెట్టాలి. చల్లగా ఉంటే మంచిది. వెచ్చగా ఉందంటే, మనం వచ్చేలోపే వాడు దాన్ని ఒకసారి నడిపి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను స్టార్టయ్యేటప్పుడే దాని రోగాలన్నీ బయటపడతాయి, దగ్గుతుంది, వణుకుతుంది, తెల్లపొగ కక్కుతుంది. ఒకసారి వేడెక్కాక ముసలి ఇంజను కూడా పెళ్లికొడుకులా నిలబడుతుంది. పైన పటారం, లోన లొటారం.

ఆ మాట అమ్మేవాడి ముందు అనలేం కదా. అందుకని మా ఇద్దరికీ ఒక గుర్తు ఉంది. చెయ్యి పెట్టేది నేను. వేడిగా ఉంటే "దాహంగా ఉంది, కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా?" అంటాను. అంతే, మా ఆవిడ తియ్యగా నవ్వి, మళ్లీ వస్తామని చెప్పి లేస్తుంది. చెప్పకుండా ఇంకో రోజు పొద్దున్నే వెళ్లి పడతాం. నేను ఏమీ అనకపోతే చల్లగా ఉన్నట్టు, ఆవిడ బేరం మొదలుపెడుతుంది. ఇన్నేళ్లలో ఈ గుర్తు ఒక్కసారీ తప్పలేదు.

ఇక విదేశీ చదువులకు మనుషుల్ని పంపే ఆ కన్సల్టెంటు. మనిషి రాకముందే వాసన వస్తుంది, అందుకే మేం వెనకాల అత్తరు సీసా అనుకునేవాళ్లం. మా బావమరిదికి, అంటే మా ఆవిడ అన్నకు, స్నేహితుడు. అద్దాల మేడ స్కూలంటే అతనికి పంచప్రాణాలు. మా ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు.

"అక్కడ చదివొచ్చిన మనిషితో మాట్లాడాలండీ. కంపెనీలో నిజంగా కూర్చోబెట్టారో లేదో ఆ నోటితోనే వినాలి" అంది.

"భేషుగ్గా మాట్లాడండమ్మా," అని ఒక పాత విద్యార్థి నంబరు ఇచ్చాడు. "నేను మధ్యలో ఉండను. మీరెవరో ఏం చేస్తారో అతనికి ఒక్క ముక్క చెప్పలేదు. మీరే మనసు విప్పి అడగండి."

స్కూళ్లకు జవాబివ్వాల్సిన ఆఖరి రోజు పొద్దున, షెడ్డులో, ఒక ఇంజను మూత మీద ఫోను పెట్టి స్పీకరులో వేసింది. ఒక్కసారి మోగిందో లేదో ఎత్తేశాడు. అలా ఎత్తాడంటే ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాడన్నమాట. నా చెవి అక్కడే నిక్కింది.

"మేం చిన్న వ్యాపారం చేసుకుంటామండీ," అంది మా ఆవిడ. "చివరి నాలుగు నెలలు కంపెనీలో పెడతారని చూశాను. నిజమేనా?"

"నూటికి నూరుపాళ్లు నిజం మేడమ్," అన్నాడు. స్కూలు గొప్ప, టీచర్లు గొప్ప, క్యాంటీను గొప్ప. అరచేతిలో వైకుంఠం చూపించాడు. చివర్లో ఇంకో మాట జారాడు. "మీలాగా జనరేటర్లు అద్దెకిచ్చే వాళ్లకైతే ఇంతకన్నా మంచి చోటు దొరకదు మేడమ్."

నా చేతిలో స్పానరు అలాగే ఆగిపోయింది.

జనరేటర్లన్న మాట మా ఆవిడ అనలేదు. అద్దె అన్న మాట అసలే అనలేదు. మేమెవరో ఒక్క ముక్క చెప్పలేదన్నాడు కదా ఆ అత్తరు సీసా! మరి ఇతనికి కలలో కనిపించామా? ముందే నూరిపోసి కూర్చోబెట్టారు. ఇంజను కాలిపోతోంది, చెయ్యి పెట్టక్కర్లేకుండా సెగ మొహానికే కొడుతోంది.

మా ఆవిడ ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. కళ్లు మెరుస్తున్నాయి. "విన్నావా బావా? ఏడాదిలో చదువూ అయిపోతుంది, కంపెనీ కూడా చూసేస్తాను. ఏడాదే! ఇట్టే వచ్చేస్తాను."

ఇట్టే వచ్చేస్తాను. ఆ మాట నా చెవిలో బెల్లంలా కరిగింది. మంచినీళ్లు అడగాల్సిన వాణ్ణి, "ఊఁ" అన్నాను. అని, మళ్లీ బోల్టు మీద పడ్డాను. ఆ బోల్టు అప్పటికే బిగిసి ఉంది.

మధ్యాహ్నం బండి మీద అత్తరు సీసా ఆఫీసుకు వెళ్తున్నాం. నా భుజం మీద ఆవిడ చెయ్యి. దారంతా నాలో నేను లాయర్లిద్దర్ని పెట్టుకుని వాదించుకున్నాను. ఏమో, అత్తరు సీసా ఊరికే మాటల్లో చెప్పుంటాడేమో. ఆ స్కూలు మంచిదే అయ్యుండొచ్చు కదా. వేడి ఇంజనులన్నీ చెడ్డవని ఎక్కడుంది? ఇలాంటి కబుర్లు ఇంకొకడు చెప్తే వాడి చెవి మెలిపెట్టేవాణ్ణి. నేనే చెప్పుకుంటుంటే ఎంత కమ్మగా ఉన్నాయో!

ఆఫీసు రెండో అంతస్తులో. గోడల నిండా నల్ల టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లల ఫొటోలు. ఏసీ నుంచి కారే నీళ్లకు మూలన ఒక బకెట్టు. బావమరిది మాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. అత్తరు సీసా మా ముందు తలో మంచినీళ్ల సీసా పెట్టించి, కంప్యూటరు మా ఆవిడ వైపు తిప్పాడు.

"మాట్లాడారుగా అమ్మా మా పాత విద్యార్థితో? ఎలా చెప్పాడు?"

"చాలా బాగా చెప్పారండీ. అడిగినవీ చెప్పారు, అడగనివీ చెప్పారు," అంది మా ఆవిడ అమాయకంగా.

నేను ఆవిడ వైపు చూడకుండా సీసా మూత తీసి గటగటా సగం తాగేశాను.

"ఇంకెందుకే నాన్చుడు?" అన్నాడు బావమరిది. "ఏడాదంటే ఇలా వెళ్లి అలా రావడం. ఆ కొండల్లో రెండేళ్లు ఉంటే చలికి కొయ్యబారిపోతావు. ఏం బావా, నువ్వు మాట్లాడవేం? ఇంటి దగ్గర నోరు మూతపడదు, ఇక్కడికొచ్చి మౌనవ్రతమా?"

"మౌనం అర్ధాంగీకారం కదా సార్!" అని నవ్వాడు అత్తరు సీసా. వాడి నవ్వు మీద ఇంత గ్రీజు పూయాలనిపించింది.

కంప్యూటరు మీద స్కూలుకొకటి చొప్పున రెండు గళ్లున్నాయి. ఏడాది స్కూలు గడి మీదికి మా ఆవిడ బాణం గుర్తును తీసుకెళ్లింది. వేలు మౌసు మీద ఆగింది. అప్పుడు నా వైపు చూసింది.

"ఏం బావా? నొక్కనా?"

ఆ చూపు నాకు తెలుసు. ఏ యంత్రం కొన్నా, మాటివ్వబోయే ముందు చివరిసారిగా నా వైపు అలాగే చూస్తుంది. నేను నోరు తెరవకపోతే చల్లగా ఉందని అర్థం, నమ్మి ముందుకెళ్తుంది. అంటే నేను ఊరుకుంటే సరిపోదు. నేను ఊరుకోవడమే ఆవిడకు అబద్ధం చెప్పడం. ఆ గాలివాన తర్వాత ఇంజను పక్కన గొంతుక్కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. ఒకే ఒక్కసారి వెళ్తుంది, ఉత్త చేతులతో వస్తుంది, ఏడాదిలో నా దగ్గరికే వస్తుంది. వచ్చిన మనిషి మొహం నేను రోజూ చూడాలి.

బావమరిది "నొక్కేయ్, నొక్కేయ్" అంటున్నాడు. ఆవిడ వేలు కదిలింది.

"దాహంగా ఉంది," అన్నాను. "కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా?"

"మీ ముందే ఉందిగా సార్ సీసా!" అన్నాడు అత్తరు సీసా. "ఇప్పుడేగా సగం తాగారు."

మా ఆవిడ మౌసు మీంచి చెయ్యి తీసేసింది. మొహంలో రంగు పోయింది. కానీ నవ్వు మాత్రం, పాత ఇంజనుల వాళ్ల ముందు నవ్వే ఆ తియ్యటి నవ్వు, చెక్కుచెదరలేదు.

"ఏమీ అనుకోకండి. మీరు మూసేలోపు మళ్లీ వస్తాం," అని లేచింది.

"అదేంటమ్మా, చేతిదాకా వచ్చింది..."

"చెల్లీ, పిచ్చా నీకు?" బావమరిది లేచాడు. ఆవిడ అప్పటికే తలుపు దాటింది.

మెట్ల మలుపులో ఆగి నిలదీసింది. "ఎక్కడ వేడిగా ఉంది?"

చెప్పాను. జనరేటర్లని అతనికెలా తెలుసు, అద్దె సంగతి ఎలా తెలుసు. ఆవిడ గోడకు ఆనుకుంది. పెదవులు కదులుతున్నాయి, పొద్దున మాటలన్నీ మళ్లీ చెప్పుకుంటోంది. చెప్పుకుని తలూపింది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇక్కడొక చిన్న అబద్ధం ఆడొచ్చు. ఇప్పుడే తట్టిందనొచ్చు.

"పొద్దున్నే," అన్నాను.

"పొద్దున్నే తెలిసి, ఇక్కడిదాకా నీ వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి, నా వేలు దానిమీద పెట్టేదాకా..." మాట పూర్తిచెయ్యలేదు. నేను కోపిష్ఠివాణ్ణని లోకమంతా అంటుంది, మా ఆవిడ కోపం లోకం చూడలేదు. చూపుతోనే నన్ను బోల్టు బోల్టుగా విప్పేసింది.

"ఏడాదిలో వచ్చేస్తావని," అన్నాను.

ఆవిడ మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. అద్దాల మేడలో చదివినవాళ్ల కోసం నెట్లో వెతికింది. ఒక టైల్స్ కంపెనీలో పనిచేస్తున్న ఒకావిడ దొరికింది, పేరు చూస్తే మన భాషావిడలాగే ఉంది, కంపెనీ సైట్లో నంబరు కూడా ఉంది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనకాల ఏదో లారీ రివర్సు చప్పుడు.

"నా నంబరు ఎవరిచ్చారండీ మీకు?" అంది విసుగ్గా.

"ఎవరూ ఇవ్వలేదండీ. నేనే వెతుక్కున్నాను. ఆ స్కూల్లో చేరాలా వద్దా అని ఈ సాయంత్రంలోపు తేల్చుకోవాలి. కంపెనీలో నాలుగు నెలలు పెడతారంటున్నారు."

అవతల ఆవిడ నవ్వింది, అందులో సంతోషం లేదు.

"కంపెనీనా? మమ్మల్ని ఒక హాల్లో కూర్చోబెట్టి, ఇదే మీ కంపెనీ అనుకోండి అన్నారమ్మా. నాలుగు నెలలూ అనుకున్నాం. ఉంటాను, లోడు దిగుతోంది."

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, కొండల్లోని స్కూలు వాళ్లను వెతికింది. ఇద్దరు ఎత్తలేదు. మూడో మనిషి ఎత్తాడు, ఎత్తీ ఎత్తగానే తిట్లు మొదలుపెట్టాడు. ఆ చలికి చెవులు ఊడిపోతాయన్నాడు. గదులు ఇరుకన్నాడు. టీచర్లు మనుషుల్ని పిండేస్తారన్నాడు. మొదట్లో ఎందుకొచ్చానురా భగవంతుడా అని ఏడ్చానన్నాడు. దగ్గు, వణుకు, తెల్లపొగ, అన్నీ అయ్యాయి. మా ఆవిడ ఓపిగ్గా విని అడిగింది.

"మరి కంపెనీ?"

"ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో లెక్కలేదండీ. చివరికి క్రేన్లు అద్దెకిచ్చే కంపెనీలో దొరికింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను."

"స్కూలు వాళ్లే పెట్టించారా?"

"వాళ్లా? వాళ్లు పెట్టించరు. దొరికేదాకా మనల్ని వదలరు, అంతే."

అప్పటి నుంచీ మనిషి గొంతు నిలకడగా నడిచింది. క్రేన్ల సంగతులు, మనుషుల సంగతులు, ఆగిపోకముందే యంత్రాన్ని ఎలా వెనక్కి రప్పిస్తారో ఆ సంగతి. మా ఆవిడ ఫోనుకు చెవి అతికించేసింది. మెట్లెక్కి దిగేవాళ్లు మమ్మల్ని తప్పుకుంటూ వెళ్తున్నారు. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. ఇక రెండేళ్లేనని నాకు అర్థమైపోయింది.

ఫోను పెట్టేశాక ఆవిడ నెమ్మదిగా అడిగింది. "నేను కూడా విన్నాను కదా బావా పొద్దున. నాకెందుకు తట్టలేదు?"



"నాకూ ఏడాదే కావాలనిపించింది," అని తనే జవాబు చెప్పుకుని లేచింది.

పైకి వెళ్లి నిలబడే రెండేళ్ల గడి నొక్కింది. అత్తరు సీసా మొహం మాడిపోయింది. "తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం ఉండదమ్మా," అన్నాడు.

"ఆకులు ముందే పట్టుకొచ్చామండీ," అంది మా ఆవిడ. తన ముందు పెట్టిన మంచినీళ్ల సీసా, మూత కూడా తియ్యనిది, చేతిలోకి తీసుకుంది. బావమరిది మాకు చెప్పకుండా వెళ్లిపోయాడు. పోతే పోయాడు, అలిగినా వాడే వస్తాడు.

కిందికొచ్చి బండి దగ్గర నిలబడ్డాం. ఆవిడ మొహం చూస్తే నాకు భయం వేసింది. ఇక నా వంతు అనుకుని గొంతు సవరించుకున్నాను.

"రెండేళ్లంటే ఎంతలే! కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతాయి. నాకేం, హాయిగా ఉంటాను. నీ సణుగుడు లేకుండా పని రెట్టింపు చేస్తాను. రోజూ ఫోనుంది, వీడియో ఉంది. అసలు నువ్వు వెళ్లినట్టే ఉండదు." మాటలు తడుముకోకుండా వచ్చేశాయి. దారిలో వాదించుకున్నప్పుడే ఇవి కూడా నూరి పెట్టుకున్నట్టున్నాను.

ఆవిడ నా మొహంలోకి చూస్తూ అంతా వింది. నిండు సీసా తన చేతిలోనే ఉంది.

"దాహంగా ఉంది బావా," అంది. "కాస్త మంచినీళ్లు ఇప్పిస్తావా?"

ఆ రోడ్డు, ఆ జనం నాకు కనపడలేదు, ఆ హారన్లు వినపడలేదు. బండి హ్యాండిలు పట్టుకుని తల వంచుకున్నాను.

"నువ్వు లేకుండా నాకు చేతకాదే," అన్నాను. "పొద్దున లేస్తే ఎవరితో పోట్లాడాలో కూడా తెలియదు నాకు."

ఆవిడ చెయ్యి నా వీపు మీద పడింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"ఈ మాట ముందే చెప్పుంటే?" అంది.

"చెప్తే నువ్వు వెళ్లేదానివి కాదు."

"వెళ్లేదాన్నే. నీ నోటితో చెప్పించుకుని వెళ్లేదాన్ని."

అని సీసా మూత తీసి నాకిచ్చింది. ఈసారి నాకు నిజంగానే దాహం వేస్తోంది. మొత్తం తాగేశాను.